రండి... మళ్లీ ‘ప్రిన్స్‌’ ఆడదాం!

తొంభైల్లో కంప్యూటర్‌ ముందు కూర్చున్నవాళ్లకు ‘ప్రిన్స్‌’ పేరు చెబితే చాలు... చీకటి నేలమాళిగ, ఊడిపడే పలకలు, అడుగు తప్పితే గుచ్చుకునే మేకులు, అన్నీ గుర్తొస్తాయి. ఆ ‘ప్రిన్స్‌ ఆఫ్‌ పర్షియా’ను ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా ఆడొచ్చు. ఇంటర్నెట్‌ ఆర్కైవ్‌ అనే డిజిటల్‌ గ్రంథాలయం 2015 జనవరిలో దాదాపు 2,400 పాత డాస్‌ ఆటల్ని తన సైట్‌లో పెట్టింది. వాటిలో ఇదీ ఒకటి. డౌన్‌లోడ్‌ అక్కర్లేదు, బ్రౌజర్‌లోనే నడుస్తుంది.

1989 నాటి ఆటలో రాకుమారుడి పరుగు అంత సహజంగా ఎలా కుదిరిందంటారా? తయారుచేసిన జోర్డాన్‌ మెక్నర్‌ తన తమ్ముణ్ని పరుగెత్తించి, గెంతించి వీడియో తీశాడు. ఆ కదలికలనే ఒక్కో ఫ్రేమూ చూసి బొమ్మలుగా గీశాడు!

అయితే తీరుబడి కాలక్షేపానికి ఇది పనికిరాదు. రాకుమార్తెను కాపాడేందుకు గడువు 60 నిమిషాలే. చచ్చి మళ్లీ మొదలెట్టినా గడియారం ఆగదు. పొయ్యి మీద పాలు పెట్టి మాత్రం కూర్చోకండి! పది నిమిషాల విరామానికి ‘డేంజరస్‌ డేవ్‌’ నయం. తర్వాత ‘డూమ్‌’ రూపకర్తల్లో ఒకడైన జాన్‌ రొమెరో 1988లో చేసిన ఆట. కప్పు అందుకుని తలుపు చేరితే ఒక అంచె పూర్తి. మొత్తం పదే.

పాతబడినా ఆటల మీద హక్కులు పోవు. అందుకే ఇవాళ సైట్‌లో ఉన్న ఆట రేపు ఉండకపోవచ్చు. అలాగని ‘ఉచితం’ అంటూ ఫైళ్లు దించుకోమనే ఊరూపేరూ లేని సైట్ల జోలికి వెళ్లొద్దు, వైరస్‌ల బెడద. ఫోన్‌ కంటే కీబోర్డే మేలు. అన్నట్టు, ‘ప్రిన్స్‌’లో షిఫ్ట్‌ నొక్కిపట్టి నడిస్తే మేకులు ఏమీ చేయవు. పిల్లలకు మాత్రం రెండుసార్లు ఓడాకే చెప్పండి!