తమ్మిలేరు ఎవరిది?

ఏలూరు పురవాసులకు సంవత్సరమున పదిమాసములు తమ్మిలేరు జ్ఞప్తికి రాదు. వేసవిని ఇసుకయు, పొదలును, జనులు పారవైచిన చెత్తయు మాత్రమే కన్పట్టు ఆ పల్లమును ఏరనుటకే కొందరు సంకోచింతురు. ఎగువను గట్టివాన కురిసిన పిమ్మటగాని అది తన పేరును తాను చెప్పుకొనదు. 2020 అక్టోబరులో చెప్పుకొన్న తీరును పల్లపు పేటలవారు నేటికిని మఱవలేదు.

ఖమ్మము జిల్లాలో జనించి, చింతలపూడి ప్రాంతమున నాగిరెడ్డిగూడెము జలాశయమున కొంత నిలిచి, ఏలూరు చేరునప్పటికి ఈ యేరు రెండు పాయలై, పట్టణమును ఇరుప్రక్కల చుట్టి, పిమ్మట కొల్లేట కలియుచున్నది. ఏలూరు ఏటి కౌగిటిలోనే యున్నదన్నమాట. జలాశయపు తలుపులెత్తిరన్న వార్త వచ్చినప్పుడెల్ల శనివారపుపేట చప్టాను గూర్చి జనులు ఆందోళన పడుట పరిపాటియైనది.

గట్లకు గోడలు కట్టింపుడని పట్టణము కోరుచున్నది. ఇల్లు మునిగినవాని కోరికను మేము త్రోసిపుచ్చము. అయిన గోడ నీటిని తగ్గింపజాలదు, దిగువకు త్రోయును. దిగువనున్నది కొల్లేరు. బుడమేరును, రామిలేరును గూడ దానిలోనే పడుచున్నవి. ఇన్ని యేళ్లకును సముద్రమునకు వాకిలి ఒక్క ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి కడలిని చేరును. 1999లో అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సార్ పట్టికలో చేర్చిరి. 2006లో చేపలచెఱువుల గట్లను పగులగొట్టిరి. మరల గట్లు లేచినవి! పేదల సొసైటీల పేరు ముందుంచుకొని పెద్దల చెఱువులు నిలిచినవని మా దృఢాభిప్రాయము. సరస్సు కడుపు ఇరుకైనకొలది ఎగువ యేటి నీరు వెనుకకు తన్నును. ఆ దెబ్బ మొదట తగులునది లంకగ్రామములకు, పిదప ఏలూరునకు.

ఇక మురుగు మాట. ఫాల్గుణమున వేలకొలది జనులు కొల్లేటికోటకు పోయి పెద్దింట్లమ్మ తల్లిని సేవింతురు. ఆ గుడి నాశ్రయించిన సరస్సులోనికే ఏలూరు మురుగు పోవుచున్నది. మ్రొక్కుబడి చెల్లించి మరలివచ్చు గృహస్థుడు తన వీధి కాలువ ఎక్కడికి పోవుచున్నదో ఒక్కనాడైనను విచారించెనా? వలవేసి బ్రతుకు లంకవాసులకు ఆ విచారణ నిత్యము తప్పదు.

బుడమేరును మురుగు కాలువగా నెంచిన విజయవాడ 2024 సెప్టెంబరున ఎట్లు మునిగినదో ఆంధ్రులెల్లరు చూచిరి. అది యెరిగియు ఏలూరు ఉపేక్షించుట క్షంతవ్యము కాదు.

చింతలపూడి, ఏలూరు పశ్చిమగోదావరిలోను, కొల్లేటికోట కృష్ణాజిల్లాలోను ఉన్న కాలమున అధికారులు ఒకరినొకరు చూపుకొనుటకు వీలుండెను. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి ఆ మూడును ఒక్క ఏలూరు జిల్లాలోనివే. ఆ సాకు తీరినది. ఎగువభాగము తెలంగాణములో నుండుటచేత వానవార్త సకాలమున అందునట్లు ఆ ప్రభుత్వముతో కట్టుబాటు చేసికొనవలెను. రాబోవు వర్షర్తువునకు పూర్వమే రెండు పాయల హద్దులను సర్వే చేయించి రాళ్లు పాతింపవలెను. ఆక్రమణలలో పేదల గుడిసెలున్నచో వారికి ముందు మెరకస్థలము చూపవలెను. శుద్ధిచేయని మురుగు ఏట కలియుట నిలుపవలెను. ఉప్పుటేటి పూడిక సంగతి పశ్చిమగోదావరి, కృష్ణా జిల్లాల కలెక్టర్లతో కూర్చుండి తేల్చుకొనవలెను. గోడల కేటాయింపులను గూర్చి సభలలో పలుకు ప్రజాప్రతినిధులు ఈ సర్వే ఎప్పుడు మొదలగునో తేదీ చెప్పుదురుగాక.