ఆట చూపేవాడే జట్టు యజమాని కారాదు

అమరచింతలో పొద్దుగూకితే మగ్గాల చప్పుడు సద్దుమణుగుతుంది, ఫోన్ల వెలుగు మొదలవుతుంది. గుంట మగ్గం మీంచి లేచి తండ్రి నడుం సరిచేసుకునే వేళకు, బయట అరుగు మీద నలుగురు కుర్రాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకే ఆటలో మునిగిపోయి ఉంటారు. వాళ్లలో ఒకడికి నిజంగానే చేయి తిరిగి ఉండవచ్చు. రేపో మాపో అతనికి పిలుపు రావచ్చు: జట్టులో చోటిస్తాం, నెలనెలా జీతమిస్తాం, ఇక్కడ సంతకం పెట్టు అని. ఆ సంతకం అడిగే సంస్థే అతని ఆటను జనానికి చూపే స్ట్రీమింగ్ వేదిక కూడా అయితే? పోటీ పెట్టేదీ, అందులో వాటా ఉన్నదీ ఆ సంస్థే అయితే? ఏదైనా తేడా వచ్చిన రోజు ఆ కుర్రవాడు ఎవరి గడప తొక్కాలి?

మా మాట సూటిగా చెబుతున్నాం. ఈ-స్పోర్ట్స్‌లో ఆటను ప్రసారం చేసే కంపెనీ, ఆ ఆటలో దిగే జట్టుకు యజమాని కాకూడదు. ఈ గీత చట్టంలోనే ఉండాలి, ఇప్పుడే ఉండాలి.

ఈ సంగతిని చేనేత ఊళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. నూలు, పట్టు, జరీ ఇచ్చేది మాస్టర్ వీవర్. చీర కొనేదీ, ధర కట్టేదీ, మజూరీ నిర్ణయించేదీ ఆయనే. పెళ్లికో వైద్యానికో తీసుకున్న అడ్వాన్సు బాకీగా నిలిచి ఉండేది కూడా ఆయన దగ్గరే. ఆ మనిషి మంచివాడు కావచ్చు, గడ్డురోజుల్లో ఇంటి పొయ్యి ఆరకుండా చూసినవాడూ కావచ్చు. అయినా ముడిసరుకు, మజూరీ, మార్కెట్టు ఒకే చేతిలో ఉన్నంతకాలం నేతగాడికి బేరమాడే బలం ఉండదు. ఆ బలం కోసమే చేనేత సహకార సంఘాలు పుట్టాయి. తండ్రుల తరం మగ్గం దగ్గర నేర్చుకున్న ఈ పాఠాన్ని కొడుకుల తరం ఫోను తెర మీద మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసిన పని లేదు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం చేసింది. 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. డబ్బు ఒడ్డి ఆడే ఆటలను అది నిషేధించింది. అలాంటి ఆటలు నడిపేవారికి 3 ఏళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా అంది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను పందెం ఆటల నుంచి వేరు చేసి, క్రీడగా గుర్తించి, పోటీల నిర్వహణకు మార్గదర్శకాలు, ప్రమాణాలు రూపొందించే బాధ్యతను కేంద్రానికి అప్పగించింది. ఇది మంచి చట్టం. పందేల వలలో పడి అప్పులపాలైన కుటుంబాలను చూసిన తెలుగు రాష్ట్రాలు దీన్ని మనసారా స్వాగతించాలి. అయితే జట్టు యజమాని, ప్రసార యజమాని ఒకరే కావచ్చా అన్న ప్రశ్నను ఆ చట్టం తాకలేదు. క్రీడ అని పేరు పెట్టాక క్రీడకు ఉండవలసిన కట్టుబాట్లు కూడా పెట్టాలి కదా!

ఇది ఊహించుకున్న భయం కాదు. చైనాలో వీడియో వేదిక బిలిబిలి 2017లో లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆట ఆడే ఒక జట్టును కొని దానికి బిలిబిలి గేమింగ్ అని తన పేరే పెట్టుకుంది. ఆ జట్టు 2024లో లండన్‌లో ప్రపంచ పోటీల ఫైనల్ దాకా వెళ్లి టీ1 అనే జట్టు చేతిలో 3-2 తేడాతో ఓడింది. ఓవర్‌వాచ్ లీగ్‌లో హాంగ్‌ఝౌ స్పార్క్ జట్టు బిలిబిలిది, చెంగ్డూ హంటర్స్ జట్టు మరో స్ట్రీమింగ్ సంస్థ హూయాది. 2023 తర్వాత ఆ లీగే లేదు. దక్షిణ కొరియాలో ఆఫ్రీకాటీవీ అనే ప్రసార వేదిక ఆఫ్రీకా ఫ్రీక్స్ జట్టును నడిపింది. ఆట, ప్రసారం ఇలా దగ్గరవుతూ పోతే ఎక్కడికి చేరుతుందో చైనా ప్రభుత్వానికే అనుమానం వచ్చింది. హూయా, దౌయూ అనే రెండు పెద్ద స్ట్రీమింగ్ కంపెనీలను కలిపేయాలని టెన్సెంట్ తలపెడితే, 2021 జూలైలో అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ అడ్డుకట్ట వేసింది. ఆటలు తీసే టెన్సెంట్ చేతికి వాటిని చూపే మార్కెట్ అంతా చిక్కితే పోటీ మిగలదన్నది దాని కారణం.

మన దేశంలోనూ దారాలు పెనవేసుకుంటున్నాయి. బీజీఎంఐ అనే ఫోను ఆట తీసిన దక్షిణ కొరియా సంస్థ క్రాఫ్టన్, 2021 మార్చిలో పోటీలు నిర్వహించే నాడ్విన్ గేమింగ్‌లో 2 కోట్ల 24 లక్షల డాలర్లు పెట్టింది. అదే ఏడాది జూన్‌లో స్ట్రీమింగ్ వేదిక లోకోకు 90 లక్షల డాలర్లు తెచ్చిన పెట్టుబడిదారుల్లోనూ ముందు నిలిచింది. అంటే ఆట తీసిన సంస్థకు పోటీ పెట్టేవారిలోనూ, దాన్ని చూపేవారిలోనూ వాటా దక్కింది. 2024 చివర్లో రిలయన్స్ వారి రైజ్ వరల్డ్‌వైడ్ డెన్మార్క్ సంస్థ బ్లాస్ట్‌తో కలిసి ఈ-స్పోర్ట్స్ పోటీల కోసం ఉమ్మడి సంస్థ ప్రకటించింది. అదే గొడుగు కింద ముంబై ఇండియన్స్ జట్టు ఉంది, ఐపీఎల్ చూపే జియోహాట్‌స్టార్ ఉంది. వీరిలో ఎవరూ తప్పు చేశారని మేము అనడం లేదు. నేటి చట్టం ప్రకారం ఇవన్నీ సక్రమమే. మా ఆందోళనకు కారణం కూడా అదే. నిచ్చెనలో ఇక ఒక్క మెట్టు మిగిలింది, అది జట్టు. దాన్ని ఎక్కకుండా ఆపే గీత ఏదీ లేదు.

ఈ గీత ఎందుకు కావాలో ఆట లోపలికి వెళ్లి చూస్తే తెలుస్తుంది. బీజీఎంఐ పోటీలో నలుగురేసి ఉన్న 16 జట్లు, మొత్తం 64 మంది, ఒకే మైదానంలో దిగుతారు. ఎవరు ఏ గోడ చాటున నక్కారో, ఎవరి దగ్గర ఎన్ని తూటాలు మిగిలాయో ఎదుటి జట్టుకు తెలియదు. ఆ తెలియకపోవడమే ఆట. ప్రసారం చేసేవారికి మాత్రం మైదానమంతా ఒకేసారి కనిపిస్తుంది. అందుకే తెర మీద చూపే దృశ్యాన్ని కావాలనే కొన్ని నిమిషాలు ఆలస్యం చేసి వదులుతారు. లేకపోతే బయట కూర్చుని చూస్తున్న మనిషి లోపల ఆడుతున్న మనిషికి శత్రువు జాడ చెప్పేయగలడు. ఆలస్యం లేని ఆ అసలు దృశ్యం ఎవరి గదిలో ఉంటుందో, ఆ గదికి అద్దె కట్టే సంస్థకే మైదానంలో ఒక జట్టు ఉంటే? మోసం జరగకపోవచ్చు. అయినా ఓడిన 15 జట్ల మనసులో అనుమానం మిగిలిపోతుంది. పేకాట పెద్దే పేక కలిపి, తానే ఆటకు కూర్చుంటే నిజాయితీగా గెలిచినా ఎవరు నమ్ముతారు?

రెండో సంగతి ఆటగాడి కష్టం. స్ట్రీమింగ్ కంపెనీకి గెలుపు కంటే వీక్షణాలు ముఖ్యం. కాబట్టి ఒప్పందంలో శిక్షణతోపాటు నెలకు ఇన్ని గంటలు మా వేదిక మీద ప్రత్యక్ష ప్రసారం చేయాలి, మరో వేదిక ముఖం చూడకూడదు అన్న షరతు చేరుతుంది. జట్టు వేరు, వేదిక వేరు అయినప్పుడు ఆటగాడి తరఫున వేదికతో బేరమాడడానికి జట్టు ఉంటుంది. రెండూ ఒకటైతే ఆ మధ్యవర్తి మాయమవుతాడు. పేరు తెచ్చుకున్న కుర్రవాడు జట్టు మారాలంటే, తాను పోగేసుకున్న అభిమానులను కూడా పాత యజమాని వేదిక మీదే వదిలి బయటికి నడవాలి. ఇక సంతకం పెట్టేవారిలో 18 ఏళ్లు నిండనివారు ఎందరో ఉంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 11 ప్రకారం మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదు. ఒకరి వృత్తిని అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదని సెక్షన్ 27 చెబుతోంది. ఈ రక్షణలు కాగితం మీద ఉన్నాయి. అమరచింత నుంచి ఒక నేతన్న వీటిని పట్టుకుని మహానగర కంపెనీ మీద కోర్టుకెక్కగలడా?

మీడియా సంస్థ చేతిలో జట్టు ఉంటే ఏమవుతుందో తెలుగువారికి అనుభవం ఉంది. 2008లో డెక్కన్ క్రానికల్ సంస్థ సుమారు 10 కోట్ల 70 లక్షల డాలర్లకు హైదరాబాద్ ఐపీఎల్ జట్టును కొంది. మరుసటి ఏడాదే జోహన్నెస్‌బర్గ్‌లో డెక్కన్ చార్జర్స్ కప్పు ఎత్తింది. ఆ తర్వాత యజమాని సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది, ఆటగాళ్లకు చెల్లింపులు ఆగాయి, 2012 సెప్టెంబరులో బీసీసీఐ ఫ్రాంచైజీని రద్దు చేసింది. ఆ రద్దు మీద న్యాయపోరాటం సాగింది. 2020లో మధ్యవర్తి డెక్కన్ క్రానికల్‌కు అనుకూలంగా తీర్పిస్తే, 2021లో బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. తప్పొప్పులు కోర్టులు తేల్చుకుంటాయి. మనం గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే: పత్రిక వ్యాపారం దెబ్బతింటే దాని మీద ఆధారపడ్డ జట్టు కూడా కూలింది. స్ట్రీమింగ్ వ్యాపారం అంతకంటే నిలకడ లేనిది. ప్రపంచంలోనే పెద్ద వేదికైన ట్విచ్ ఖర్చు భరించలేక 2024 ఫిబ్రవరిలో దక్షిణ కొరియా నుంచే వెళ్లిపోయింది. మన దగ్గర 2022 జూన్‌లో బీజీఎంఐ పోటీలు స్టార్ స్పోర్ట్స్‌లో ప్రసారమై టీవీకెక్కాయి. జూలై 28న ఆ ఆటే యాప్ స్టోర్ల నుంచి మాయమైంది. మళ్లీ రావడానికి 2023 మే దాకా పట్టింది. ఒక్క దెబ్బకు ఆట, వేదిక, జట్టు, జీతం అన్నీ పోయే ఏర్పాటులోకి పిల్లల్ని పంపడం న్యాయం కాదు.

కంపెనీల డబ్బు రాకపోతే జట్లే ఉండవని అనేవారున్నారు. ఈ మాటలో నిజం ఉంది. 2012లో హైదరాబాద్ జట్టు అనాథ అయినప్పుడు ఏడాదికి 85.05 కోట్లు పాడి నిలబెట్టింది కూడా ఒక మీడియా సంస్థే, సన్ టీవీ. కానీ అక్కడొక తేడా ఉంది. ఐపీఎల్ ప్రసార హక్కులు సన్ టీవీ చేతిలో లేవు. సన్‌రైజర్స్ ఆటను చూపేది వేరే సంస్థ. మేము కోరుతున్నదీ అదే. స్ట్రీమింగ్ కంపెనీలు హక్కులు కొననీయండి, స్పాన్సర్లుగా రానీయండి, బహుమతి సొమ్ము పెట్టనీయండి. జట్టు తాళాలు మాత్రం వారి జేబులో ఉండకూడదు.

ఈ సూత్రం కొత్తదేమీ కాదు. క్రికెట్ బోర్డు పెద్దలే ఐపీఎల్ జట్లకు యజమానులుగా ఉండేందుకు వీలు కల్పించిన నిబంధన సవరణను సుప్రీంకోర్టు 2015 జనవరి 22న కొట్టేసింది. ఆటను నడిపేవారికి ఆటలో సొంత లాభం ఉండరాదని చెప్పింది. క్రికెట్‌కు వర్తించిన న్యాయం తెర మీది ఆటకు ఎందుకు వర్తించదు?

అందుకే కేంద్ర క్రీడల శాఖను, సమాచార సాంకేతిక శాఖను మేము కోరేది ఇది. పోటీని ప్రసారం చేసే, నిర్వహించే, లేదా ఆ ఆటను తయారుచేసే సంస్థకు అదే పోటీలో దిగే జట్టు మీద నేరుగా గానీ దొడ్డిదారిన గానీ యాజమాన్యం ఉండరాదని ఈ-స్పోర్ట్స్ మార్గదర్శకాల్లో రాయాలి. ప్రతి జట్టు తన అసలు యజమాని ఎవరో బయటపెట్టాలి. ఒక సీజను జీతాలు, బహుమతి సొమ్ము ముందుగానే విడి ఖాతాలో జమ చేయాలి. ఆటగాళ్లకు ప్రామాణిక ఒప్పందం ఉండాలి, అది వారి మాతృభాషలో ఉండాలి. ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. ఫ్రాన్స్ 2016లోనే చట్టం చేసి ఈ-స్పోర్ట్స్ ఆటగాడి ఒప్పందం సాధారణంగా 12 నెలలకు తగ్గకూడదు, 5 ఏళ్లు మించకూడదు అని తేల్చింది. దక్షిణ కొరియాలో 2019లో గ్రిఫిన్ అనే జట్టు ఒక మైనర్ ఆటగాడితో చేయించుకున్న ఒప్పందం బయటపడి దేశమంతా అట్టుడికాక, మరుసటి ఏడాది ప్రభుత్వం ప్రామాణిక ఒప్పందాలు తెచ్చింది. మనకు అలాంటి ఒక పిల్లవాడి కన్నీరు కావాలా?

తెలంగాణ ప్రభుత్వానికీ ఇందులో పని ఉంది. గేమింగ్, యానిమేషన్ రంగాల కోసం 2016లో ఇమేజ్ విధానం తెచ్చిన రాష్ట్రం ఇది. ప్రభుత్వ రాయితీ పొందే ప్రతి గేమింగ్ సంస్థా పైన చెప్పిన నియమాలు పాటించాలని షరతు పెట్టడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల న్యాయ సేవాధికార సంస్థల్లో ఇలాంటి ఒప్పందం తెచ్చిన తల్లిదండ్రులకు చదివి వినిపించి, ఏ వాక్యం దగ్గర ఆగాలో చెప్పే మనిషి ఒకరు ఉండాలి.

గద్వాల చీరను దగ్గరగా చూసినవారికి తెలుసు. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. అంచుకు వేరే నాడె, ఒంటికి వేరే నాడె. అంచు పేక ఒంటిలోకి పాకదు, ఒంటి పేక అంచులోకి చొరబడదు. రెండూ కలిసే చోట మాత్రం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. ఆ పట్టు వల్లే చీర నిలుస్తుంది. అమరచింత నేతగాళ్ల చేతికి తెలిసిన పని ఇది. వేదిక వేరుగా, జట్టు వేరుగా, రెంటి మధ్య గట్టి కుట్టుగా చట్టం ఉండాలి. అరుగు మీద ఆడుకుంటున్న ఆ కుర్రవాడు సంతకం పెట్టే రోజుకు ముందే ఆ కుట్టు పడాలి.