మధ్యధరా ఎండకు అద్దె ఎంత?

మధ్యధరా సముద్రతీర నగరంలో పరదేశిగా కాపురం పెట్టడం గురించి సాగే చర్చలన్నీ దాదాపు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కాగితాన్ని నిలువునా రెండుగా మడిచి, ఒకవైపు ఎండ, సముద్రం, ఆలివ్ నూనె, తీరుబడి, చవక బతుకు అని రాస్తారు. రెండోవైపు ప్రభుత్వ కార్యాలయాల జాప్యం, తెలియని భాష, తక్కువ జీతాలు, వేసవి ఉక్కపోత అని రాస్తారు. చివరకు మొదటి వరుసే బరువు తూగిందని తేల్చి, ఇక పెట్టె సర్దుకోవచ్చని సలహా ఇస్తారు. తీర్పు తప్పా ఒప్పా అన్నది అటుంచి, ముందుగా ఖండించవలసింది ఈ పట్టిక పద్ధతినే. అందులో లాభాలుగా కనిపించే అంశాల్లో చాలాభాగం నగరం అందరికీ సమానంగా పంచిపెట్టేవి కావు. ఒక దేశంలో సంపాదించి మరొక దేశంలో ఖర్చు పెట్టగలిగిన వెసులుబాటు నుంచి పుట్టేవి. ఆ వెసులుబాటు లేనివారికి అదే నగరంలో, అదే వీధిలో, అవే అంశాలు నష్టాల వరుసలోకి జారిపోతాయి. స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతానికి రాజధాని అయిన బార్సిలోనాను దగ్గరగా చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

మొదటి తిరకాసు పేరులోనే ఉంది. పరాయి దేశంలో నివసించేవారిలో కొందరిని ‘ఎక్స్‌పాట్’ అనీ, మరికొందరిని ‘వలసదారు’ అనీ పిలవడం అంతర్జాతీయ ఆనవాయితీ; మొదటి మాటకు తన దేశం వదిలి ఉంటున్నవాడు అన్నదే నిఘంటువు అర్థమైనా, వాడుకలో అది డబ్బున్న పాస్‌పోర్టుకు తగిలించిన గౌరవవాచకం. తెలుగువారికి ఈ తేడాను ఎవరూ ప్రత్యేకించి నేర్పనక్కరలేదు: డాలస్ వెళ్ళినవాడు ఎన్నారై, దుబాయి వెళ్ళిన కరీంనగర్ మనిషి గల్ఫ్ కార్మికుడు, విమానాశ్రయం ఒకటే అయినా పిలుపులు రెండు. బార్సిలోనా పాతబస్తీలోని రవాల్ పేటలో ఈ రెండు పిలుపులూ ఒకే మెట్ల మీద ఎదురుపడతాయి. అక్కడి పాత ఇళ్ళలో చాలావాటికి గొట్టపు గ్యాస్ లేదు, లిఫ్టు లేదు; నారింజ రంగు గ్యాస్ బండలను తోపుడు బండి మీద పెట్టుకుని, ఇనుప ముక్కతో బండ మీద టంగుటంగుమని కొడుతూ సందుల్లో తిరిగేవారిలో పాకిస్తానీలే ఎక్కువ. నిండిన ఇనుప బండ బరువు పాతిక కిలోలకు పైమాటే. నాలుగో అంతస్తులో లాప్‌టాప్ ముందు కూర్చుని తీరుబడి జీవితాన్ని అనుభవించే యువకుడూ, ఆ బండను భుజానికెత్తుకుని అతని గుమ్మం దాకా ఎక్కి వచ్చే మనిషీ ఇద్దరూ ఆ దేశానికి పరాయివారే. పట్టిక మాత్రం మొదటివాడి పేరు మీదే తయారవుతుంది. రెండోవాడు ఆ పట్టికలో సౌకర్యం అనే పద్దు కింద కనిపిస్తాడు.

చవక అన్న మాట ఈ పట్టికకు ప్రాణం కనుక దానిని కాస్త నిలిపి పరిశీలించాలి. 2025లో స్పెయిన్ చట్టబద్ధ కనీస వేతనం నెలకు 1,184 యూరోలు, ఏడాదికి 14 చెల్లింపులు. అంటే నెలనెలా వచ్చే 12 జీతాలకు తోడు, ఆనవాయితీగా వేసవిలో ఒకటి, క్రిస్మస్‌కు ఒకటి అదనం. బార్సిలోనాలో సగటు ఇంటి అద్దె 2024 నాటికే 1,100 యూరోలు దాటింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసిన తరువాత కూడా ఆ నగరాన్ని చవక నగరం అనగలిగినవాడు తన జీతాన్ని లండన్ నుంచో కాలిఫోర్నియా నుంచో తెచ్చుకుంటున్నాడనే అర్థం. ప్రభుత్వం కూడా ఈ లెక్కను దాచుకోలేదు. 2023లో మొదలైన ‘డిజిటల్ సంచారి’ వీసా, అంటే విదేశీ సంస్థకు దూరం నుంచి పనిచేస్తూ స్పెయిన్‌లో ఉండేందుకు ఇచ్చే అనుమతి, కావాలంటే అభ్యర్థి ఆదాయం ఆ దేశపు కనీస వేతనానికి కనీసం రెట్టింపు ఉండాలని నిబంధన పెట్టింది. కనీస వేతనం మీద బతికే స్థానిక కార్మికుడు సంపాదించేదానికి రెట్టింపు తెచ్చుకునేవాడికి నగరం చవకగా కనిపించడంలో వింత లేదు. ఆ చవకదనాన్ని నగర లక్షణంగా వర్ణించడమే వింత.

దీనికి పన్ను రాయితీ కూడా తోడైంది. ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెకామ్ మాడ్రిడ్ జట్టులో ఉన్న రోజుల్లో, 2005లో అమలులోకి రావడం వల్ల ‘బెకామ్ చట్టం’ అని జనం పేరు పెట్టుకున్న నిబంధన ప్రకారం, అర్హుడైన కొత్త నివాసి వచ్చిన ఏడాదితో కలిపి ఆరేళ్ళ పాటు 6 లక్షల యూరోల వరకు జీతాదాయం మీద 24 శాతం ఒకే రేటు పన్ను కట్టవచ్చు. స్థానికుడికి మాత్రం రేటు ఆదాయంతో పాటు మెట్లు మెట్లుగా పెరుగుతూ పై అంచెల్లో 45 శాతాన్ని దాటుతుంది. తక్కువ జీతగాడికి ఆ 24 శాతం వల్ల ఒరిగేదేమీ లేదు, కొన్నిసార్లు నష్టం కూడా. అంటే రాయితీ సైతం మళ్ళీ ఆదాయం చూసి పలకరించేదే.

అద్దె దగ్గర ఈ వ్యవహారం మరింత పదునెక్కుతుంది. స్పెయిన్ అద్దె చట్టం ప్రకారం స్థిర నివాసానికి ఇచ్చే ఇంటి ఒప్పందంలో, యజమాని సంస్థ కాక వ్యక్తి అయినప్పుడు, అద్దెదారుకు ఐదేళ్ళ భద్రత ఉంటుంది. చదువు, తాత్కాలిక ఉద్యోగం వంటి పనుల మీద కొద్దికాలం ఉండేవారి కోసం అదే చట్టంలో ‘సీజనల్ అద్దె’ అనే మరో దారి ఉంది. సాధారణంగా 11 నెలలకు రాసుకునే ఆ ఒప్పందంలో ఆ భద్రత లేదు. 2024 మార్చిలో కాటలోనియాలోని 140 పురపాలికల్లో అద్దెలకు పరిమితి విధించినప్పుడు సీజనల్ ఒప్పందాలు దాని పరిధిలోకి రాకపోవడంతో, యజమానులు పలువురు ఆ పక్కదారి పట్టారు. ఎక్కువ అద్దె అడిగినా మాట్లాడకుండా ఇచ్చి ఏడాదికే వెళ్ళిపోయే పరదేశి ఆ దారికి అచ్చుగుద్దినట్టు సరిపోయే అద్దెదారు. అతని పట్టికలో ‘సులువుగా ఇల్లు దొరికింది’ అని రాసి ఉంటుంది; ఐదేళ్ళ ఒప్పందం ముగిసి, అదే వీధిలో మరో ఇల్లు దొరకక శివారుకు పోయిన కుటుంబం ఏ పట్టికలోనూ ఉండదు. పదేళ్ళలో నగరంలో అద్దెలు 68 శాతం పెరిగాయని 2024లో మేయర్ జౌమె కొల్‌బోనీ ప్రకటించి, పర్యాటకులకు రోజువారీగా ఇచ్చే 10,101 ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు తరువాత పునరుద్ధరించబోమని చెప్పారు. మరికొన్ని రోజులకే, జులై 6న, ప్రదర్శకులు నీటి తుపాకులతో హోటళ్ళ అరుగుల మీద భోంచేస్తున్న పర్యాటకులను తడిపిన దృశ్యం ప్రపంచమంతా చూసింది.

ఇక్కడ ఎదుటి పక్షంలోని అతిని కూడా వదలకూడదు. ఇళ్ళ కరువుకు మూలం విదేశీయులేనని గోడల మీద రాసేవారు సగం కథే చెబుతున్నారు. ఫ్రాంకో నియంతృత్వ కాలం నుంచీ స్పెయిన్ ప్రభుత్వాలు రాయితీతో కట్టించిన ఇళ్ళను అద్దెకు ఉంచుకోకుండా అమ్మివేసే విధానాన్నే అనుసరించడం వల్ల, ఇతర పశ్చిమ ఐరోపా దేశాలతో పోలిస్తే అక్కడ ప్రభుత్వ అద్దె ఇళ్ళు బహు స్వల్పం. 2008 ఆర్థిక పతనం తరువాత అప్పులు కట్టలేనివారిని బ్యాంకులు ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టినప్పుడు, ఆ బాధితుల కోసం 2009లో బార్సిలోనాలోనే ఉద్యమ వేదిక పుట్టింది; దాని నాయకురాలు అదా కొలావ్ 2015లో మేయర్ అయ్యారు. అప్పటికి డిజిటల్ సంచారుల వీసా ఊహలో కూడా లేదు. పరదేశి ఈ గాయాన్ని చేయలేదు. ఉన్న గాయం మీద అద్దె కట్టి కూర్చున్నాడు.

పట్టికలో రెండో పెద్ద పద్దు సముద్రం. ప్రకృతి ఇచ్చినదని అందరూ అనుకునే బార్సిలోనా బీచిలో చాలాభాగం, నిజానికి, 1992 ఒలింపిక్స్ కోసం ఫాక్టరీలను, రైలు పట్టాలను తొలగించి, ఇసుక తెచ్చి పోసి తయారుచేసినది. అంతకు ముందు ఆ తీరంలో సొమొరోస్ట్రో అనే మురికివాడ ఉండేది. దక్షిణ స్పెయిన్ నుంచి పని కోసం వచ్చిన పేదలు, జిప్సీ కుటుంబాలు అలలు తాకే గుడిసెల్లో ఉండేవారు. ఫ్లమెంకో నర్తకి కార్మెన్ అమాయా పుట్టింది అక్కడే. 1966లో, ఫ్రాంకో వచ్చి నౌకాదళ విన్యాసాలు చూడబోతున్నాడనగా, మిగిలిన గుడిసెలను ఆదరాబాదరాగా ఖాళీ చేయించి కూల్చివేశారు. ఆ గుడిసెలవాసులు కూడా వలసవచ్చినవారే, సముద్రానికి అంత దగ్గరగా ఉండడం వారి పట్టికలో నష్టాల వరుసలోనే ఉండి ఉంటుంది. ఒకే ఇసుక, రెండు తరాల వలస, రెండు వేర్వేరు పద్దులు: పట్టిక పద్ధతి ఎంత బోలుదో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఎండ సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2024 జులై 30న నగరంలోని ఫాబ్రా వేధశాలలో 40 డిగ్రీలు నమోదై, శతాబ్దానికి పైబడిన ఆ కేంద్రపు రికార్డు బద్దలైంది. రెంటచింతలలో ఈ అంకెకు ఎవరూ తల తిప్పకపోవచ్చు గానీ, సీలింగ్ ఫ్యాను సైతం అరుదైన పాత రాతి మేడల్లో, సముద్రపు తేమ కమ్ముకున్న రాత్రి ఆ వేడి వేరే సంగతి. అవే మేడలు సరైన వెచ్చదనపు ఏర్పాటు లేక శీతకాలంలో వీధికన్నా చల్లగా ఉంటాయి. వానల మాటకొస్తే, మూడేళ్ళ అనావృష్టి తరువాత జలాశయాలు 16 శాతానికి దిగువకు పడిపోవడంతో 2024 ఫిబ్రవరి 1న అత్యవసర స్థితి ప్రకటించి, మనిషికి రోజుకు 200 లీటర్ల పరిమితి పెట్టారు. 2008లోనైతే ఓడల మీదే నీళ్ళు తెప్పించుకున్నారు. మనకు ట్యాంకర్ లారీ, వారికి ట్యాంకర్ ఓడ. ఇక ఆహారం: 2010లో యునెస్కో ‘మధ్యధరా ఆహార సంప్రదాయాన్ని’ మానవజాతి వారసత్వంగా గుర్తించినప్పుడు స్పెయిన్ తరఫున చూపిన ఊరు సోరియా. అది సముద్రానికి చాలా దూరంలో, దేశం లోపలి భాగంలో ఉన్న చలి ఊరు.

నష్టాల వరుసలో అందరూ ముందుగా రాసే ‘కాగితాల బెడద’ కూడా ఇదే పరీక్షకు నిలవదు. నగరంలో నివసించే ప్రతి మనిషీ పురపాలక నివాస పట్టికలో పేరు నమోదు చేయించుకోవాలి. దానిని ‘పద్రోన్’ అంటారు. పిల్లల బడికీ, ప్రభుత్వ ఆరోగ్య కార్డుకూ దారి ఆ నమోదే. వీసా లేనివారికి కూడా పద్రోన్ హక్కు ఉంది; దేశంలో నిర్ణీత కాలం ఉన్నట్టు రుజువు చేసుకుంటే నివాసానుమతి దొరికే ‘అర్రైగో’ పద్ధతిలో, అంటే వేళ్ళూనుకున్నవారిని గుర్తించే పద్ధతిలో, ఆ రుజువు సాధారణంగా పద్రోన్ పత్రమే. ఆ కాలాన్ని 2025 మేలో మూడేళ్ళ నుంచి రెండేళ్ళకు తగ్గించారు. అద్దె ఇంటి యజమాని ఆ నమోదుకు ఒప్పుకోకపోతే ఎక్స్‌పాట్‌కు చిరాకు మాత్రమే. గ్యాస్ బండ మోసే మనిషికి బతుకులో రెండేళ్ళు గల్లంతు. విదేశీయుల కార్యాలయాల్లో ఉచితంగా దొరకవలసిన అపాయింట్‌మెంట్లను దళారులు అమ్ముకునే స్థితి వచ్చిందంటే, అది కొనగలిగినవాడికీ కొనలేనివాడికీ ఒకే రకమైన ఆలస్యం కాదు. పౌరసత్వంలోనూ అంతే: లాటిన్ అమెరికా దేశాలవారికి రెండేళ్ళ నివాసం చాలు, భారతీయులకు పదేళ్ళు కావాలి, ఆపైన భారత పౌరసత్వం వదులుకోవాలి.

కాగితం ఎటువైపు నుంచి ఎటు వెళ్ళినవాడినైనా ఇలాగే ఆడిస్తుందనడానికి తెలుగునేల మీదే ఒక నిదర్శనం ఉంది. 1920లో బార్సిలోనాలో పుట్టిన మిషనరీ విన్సెంట్ ఫెర్రర్‌ను 1968లో మహారాష్ట్రలో పనిచేస్తుండగా దేశం విడిచి పొమ్మన్నారు. తిరిగి వచ్చి 1969లో అనంతపురంలో స్థిరపడి, 2009లో అక్కడే కన్నుమూశారు. అనంతపురం జిల్లా ఆయనను ఫాదర్ అంది. ఎక్స్‌పాట్ అని ఎవరూ అనలేదు. కరువు సీమలో నలభై ఏళ్ళు ఉండడంలోని లాభనష్టాలను పట్టిక వేసిన దాఖలా లేదు.

చివరిగా భాష. బార్సిలోనాలో స్పానిష్‌తో పాటు కాటలాన్ అధికార భాష, బడుల్లో బోధన భాష. ఫ్రాంకో పాలనలో బహిరంగ జీవితం నుంచి వెలివేయబడి తిరిగి నిలదొక్కుకున్న భాష. కాటలోనియా ప్రభుత్వం 2023లో జరిపిన సర్వేలో దానిని నిత్యవ్యవహార భాషగా చెప్పినవారు 32.6 శాతమే. ‘ఇంగ్లీషుతో గడిచిపోతుంది’ అన్న వాక్యం పట్టికలో లాభాల వరుసలో కనిపించినప్పుడు, అది ఎవరి ఖర్చుతో గడుస్తుందో, గచ్చిబౌలిలో ఇరవై ఏళ్ళుగా ఉండి కూరగాయల బండి దగ్గర ఒక్క తెలుగు ముక్క మాట్లాడనివారిని చూసిన పాఠకుడికి వివరించనక్కరలేదు. ఆ నగరానికి వెళ్ళదలచిన తెలుగు యువతీయువకులు పట్టికను పక్కన పెట్టి, జీతం ఏ దేశం నుంచి వస్తుందో, అద్దె ఒప్పందం ఐదేళ్ళదా పదకొండు నెలలదా, పద్రోన్‌లో పేరు ఎక్కుతుందా అన్న మూడు సంగతులు ముందే తేల్చుకోవాలి. దిగిన వారంలోనే కాటలాన్ తరగతిలో చేరాలి. ప్రాథమిక స్థాయికి ప్రభుత్వం ఫీజు తీసుకోదు.