మూత్ర పరీక్షకు ముందు గోళీల సంగతి చెప్పండి

మా ల్యాబు కౌంటరు కాడ నేను రోజూ అడిగే మాట ఒకటుంది: "ఏమేం గోళీలు మింగుతున్నరు?" చాలామంది బీపీ, షుగరు గోళీల పేర్లు చెప్పి ఊరుకుంటారు. మెడికల్ షాపులో కొని చప్పరించే విటమిన్ సి గోళీ వాళ్ల లెక్కలోకి రాదు. "అది మందు కాదు గదా, తాకత్ గోళీ" అంటారు. మూత్ర పరీక్షకు అడ్డం వచ్చేది ఆ గోళీయే.

ఎట్లంటే, మూత్రంలో ముంచే పట్టీ మీద చిన్న చిన్న గళ్లుంటాయి. షుగరు గడిలో గ్లూకోజు వల్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, దానితో గడి రంగు మారుతుంది. రక్తం చూసే గడి కూడా ఇట్లాంటి పద్ధతిలోనే పని చేస్తుంది. మూత్రంలో విటమిన్ సి ఎక్కువుంటే రంగు సరిగా మారనివ్వదు. అప్పుడు షుగరున్నా, రక్తమున్నా రిపోర్టులో 'నిల్' అని రావచ్చు. కొన్ని రకాల పట్టీల మీద ఈ ప్రభావం తక్కువ.

పెద్దవాళ్ల ఒంటికి రోజుకు 100 మిల్లీగ్రాముల లోపు విటమిన్ సి చాలు. షాపు గోళీలో తరచుగా 500 ఉంటుంది. ఒంటికి పట్టనిది మూత్రంలోనే పోతుంది. అన్నంలో పిండుకునే నిమ్మకాయ గురించి బెంగ వద్దు.

నాకు ఎక్కువ భయం రక్తం విషయంలోనే. షోలాపూర్‌లో మన ఇళ్లల్లో రంగు కార్ఖానాల్లో, మిల్లు డైయింగ్ ఖాతాల్లో ఏళ్ల తరబడి చేసినవాళ్లున్నారు. పాతకాలపు రంగులకు వాడిన బెంజిడిన్ లాంటి రసాయనాలు మూత్రాశయ క్యాన్సర్ తెస్తాయని రుజువైంది. పని మానిన ఎన్నో ఏళ్లకు కూడా అది బయటపడవచ్చు. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడటం చాలాసార్లు దాని తొలి గుర్తు. ఒక్కోసారి కంటికి కనబడనంత తక్కువ పడుతుంది. అట్లాంటి మనిషికి పట్టీ 'ఏమీ లేదు' అని చెబితే విలువైన నెలలు పోతాయి.

అందుకని పరీక్షకు వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న గోళీల డబ్బాలన్నీ సంచిలో వేసుకొని రండి. బి కాంప్లెక్స్, మల్టీవిటమిన్ కూడా తీసుకురండి. వాటిలోనూ విటమిన్ సి కలిసి ఉండవచ్చు. బి2 వల్ల మూత్రం బాగా పచ్చగా వస్తుంది, దాన్ని చూసి కామెర్లని భయపడకండి. సొంతంగా కొన్న విటమిన్ గోళీని డాక్టరును అడిగి ఒకటి రెండు రోజులు ఆపి పరీక్ష చేయించుకోవచ్చు. డాక్టరు రాసిచ్చిన మందు మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. అనుమానముంటే మూత్రాన్ని సూక్ష్మదర్శిని కింద చూడమని అడగండి. ఎర్ర కణాలను అక్కడ నేరుగా చూస్తారు, విటమిన్ సి వాటిని దాచలేదు. షుగరుకైతే రక్త పరీక్షే నమ్మకం.

మూత్రం ఒక్కసారి ఎర్రగా పడ్డా, నొప్పి లేకపోయినా, పట్టీ ఏం చెప్పినా సరే, డాక్టరు దగ్గరకు పోండి. రంగు ఖాతాలో ఎన్నేళ్లు చేశారో కూడా ఆయనకు చెప్పండి.