రేవు ముక్త్యాలలో, పర్మిషన్ నోయిడాలో

ముక్త్యాల రేవులో బల్లకట్టెక్కి అవతల మాదిపాడు పోయే మనిషికి ఈ ఏరు ఎన్నో నంబరు జలమార్గమో తెలవదు. తెలవాల్సిన అవసరం ఇన్నాళ్ళూ రాలేదు. ఇప్పుడొచ్చింది.

2008లో పార్లమెంటు చట్టం చేసి, మన కృష్ణలో వజీరాబాదు నుంచి బెజవాడ దాకా 157 కిలోమీటర్లను నాలుగో జాతీయ జలమార్గంలో కలిపింది. 2017 అక్టోబర్‌లో ముక్త్యాల-బెజవాడ ముక్కకు శంకుస్థాపన కూడా అయింది. రాజధానికి సరుకంతా పడవల మీద పోద్దన్నారు. మన సిమెంటు లారీలు ఇంకా రోడ్డు మీదే పోతన్నాయి, అది వేరే సంగతి.

అసలు కిటుకు ఇక్కడుంది. రాజ్యాంగంలో నీళ్ళేమో రాష్ట్ర జాబితాలో, 17వ పద్దు. జాతీయ జలమార్గం మీద మరపడవల రాకపోకలు కేంద్ర జాబితాలో, 24వ పద్దు. ఒకే ఏటికి ఇద్దరు యజమానులన్నమాట. పొలానికి నీళ్ళు తోడుకోవాలంటే రాష్ట్రాన్ని అడగాలి. అదే ఏట్లో జెట్టీ కట్టాలంటే నోయిడాలో కూచున్న అంతర్దేశీయ జలమార్గాల సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. వంతెన వేసినా అంతే, కింద నుంచి పడవ పట్టేంత ఎత్తు, వెడల్పు ఉన్నాయని ఆ సంస్థే ఒప్పుకోవాలి.

2025లో కేంద్రం జెట్టీలకు కొత్త నిబంధనలు తెచ్చింది. ప్రైవేటోళ్ళు కూడా కట్టుకోవచ్చు, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. శాశ్వత టెర్మినల్ అయితే కట్టినోడే జీవితకాలం నడుపుకోవచ్చు. తాత్కాలికమైతే ముందు ఐదేళ్ళు, ఆపైన పొడిగింపు. నేను జెట్టీ వద్దనేవాణ్ణి కాదు. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలే, ఆ దుమ్ము మింగేది మనమే. సరుకు పడవెక్కితే మన ఊపిరికే మేలు.

మరి ఏట్లో వల వేసేవాడి సంగతేంది? జీవితకాలం రాసిస్తన్నది వాడి రేవునే గదా! 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణ ఆ జాబితాలో పడ్డ ప్రాజెక్టులకే. అందులో పడని కట్టడానికి ఆ నోటిఫికేషన్ పేరుతో ఊరిని కూచోబెట్టి అడిగే పనే లేదు. ఎవురూ అడక్కపోతే ఏమైద్దో ఈ ఏటికి తెలుసు. అక్రమ ఇసుక తవ్వకాలను ఆపలేదని 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మన రాష్ట్ర ప్రభుత్వాన్నే 100 కోట్లు కట్టమంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, జెండా పట్టుకోకముందు కాయితం పట్టుకోండి. ముక్త్యాల నుంచి ఇబ్రహీంపట్నం దాకా జెట్టీలకు ఎన్ని దరఖాస్తులొచ్చాయి, ఏ సర్వే నంబరు ఒడ్డున, ఎన్నేళ్ళకు? సమాచార హక్కు కింద ఆ సంస్థనే అడగండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. తెలుగులో రాసే హక్కు చట్టమే ఇచ్చింది. జవాబొచ్చాక దాని నకలు పంచాయతీ గోడకు అంటించండి.