పఠన మనశ్శాస్త్రం, ద్వితీయ భాషాభ్యసనం : ప్రాచ్య కళాశాలల పరిశోధకుల కర్తవ్యం

తెలుగు, సంస్కృత శాఖలలో ఇంతవరకు వెలువడిన పరిశోధన గ్రంథాలను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. చదువబడిన వాఙ్మయాన్ని గురించి మనవారు వేలకొలది పుటలు రచించారు. చదవటమనే క్రియను గురించి రచించినది అత్యల్పం. కావ్యంలోని రసం, అలంకారం, ఛందస్సు, పాఠభేదాలు మనకు పరిశోధనార్హాలు. ఆ కావ్యాన్ని గాని, రెండవ తరగతి వాచకాన్ని గాని కన్ను ఎట్లు గ్రహిస్తుంది, మనస్సు ఎట్లు అర్థం చేసుకుంటుంది, ఒక భాషలో చదవనేర్చిన బాలుడు మరొక భాషలోనికి ఎట్లు ప్రవేశిస్తాడు అన్న ప్రశ్నలు మాత్రం మనవి కావని భావించాము. వాటిని మనశ్శాస్త్రజ్ఞులకు, విద్యాశాస్త్రజ్ఞులకు విడిచిపెట్టాము. ఈ విభజన ఉభయులకూ నష్టదాయకమైనదని, తెలుగు లిపి పఠనాన్ని గురించిన పరిశోధన తెలుగు వ్యాకరణం ఎరిగినవారు లేకుండా సమగ్రం కాజాలదని నా అభిప్రాయం. మన కళాశాలల నుండి వెలువడే విద్యార్థులకు ఈ రంగం ఒక జీవన మార్గం కూడా కాగలదు. అందుకు అవసరమైన ద్వారాలను తెరవవలసినవారు మనమే.

ఈ శాస్త్రం నిన్న మొన్న పుట్టినది కాదు. చదివేటప్పుడు కన్ను పంక్తి వెంట సాఫీగా జారిపోదని, గెంతుతూ, ఆగుతూ సాగుతుందని ఫ్రాన్సు దేశంలో ఎమీల్ జవాల్ అనే నేత్రవైద్యుని కృషి ఫలితంగా 1879 ప్రాంతంలో వెల్లడి అయింది. పరిచితమైన పదాన్ని గుర్తించటానికి ఒంటి అక్షరాన్ని గుర్తించటం కన్న ఎక్కువ కాలం పట్టదని 1886లో కాటెల్ చూపించాడు. 1908లో హ్యూయీ అప్పటివరకు తెలిసిన విషయాలను ఒక గ్రంథంగా సమకూర్చాడు. 1979లో మొరైస్, ఆయన సహచరులు పోర్చుగల్ దేశంలోని నిరక్షరాస్యులపై జరిపిన పరిశోధన మన వ్యాకరణవేత్తలకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించవలసినది. మాటలోని ఒక వర్ణాన్ని తొలగించి పలకటం, చేర్చి పలకటం అక్షరాస్యులకు సులభమయింది, నిరక్షరాస్యులకు దుస్సాధ్యమయింది. అంటే వర్ణాన్ని విడిగా గుర్తించే స్పృహ మాట్లాడటం వల్ల తనంతట తాను కలిగేది కాదు, వర్ణాత్మక లిపిని నేర్వటం దానికి ముఖ్య కారణమని తేలింది.

అయితే ఈ శాస్త్రంలో అధిక భాగం ఇంగ్లీషు చదివేవారి మీద నిర్మితమయింది. పదమూడు ఐరోపా భాషల పిల్లలను పరిశీలించి సేమూర్ ప్రభృతులు 2003లో ప్రకటించిన వ్యాసం ప్రకారం, మొదటి సంవత్సరాంతానికి అధిక భాషల పిల్లలు పదాలను దాదాపు తప్పు లేకుండా చదవగలుగుతున్నారు, ఇంగ్లీషు పిల్లలు చాలా వెనుకబడి ఉన్నారు. విలక్షణమైన ఇంగ్లీషు వర్ణక్రమాన్ని ప్రమాణంగా గ్రహించి లోకంలోని పఠనమంతటినీ వివరించబోవటం తగదని 2008లో డేవిడ్ షేర్ విమర్శించాడు. భారతీయ లిపుల విషయంలో జరిగిన కృషి పరిమాణంలో తక్కువే అయినా విలువైనది. కన్నడంలో ప్రతిభా కారంత్, సోనాలి నాగ్ చేసిన పరిశోధనలు ప్రసిద్ధాలు. కన్నడ పిల్లలకు అక్షర సముదాయమంతా పట్టుబడటానికి నాలుగవ తరగతి వరకు కూడా కాలం పడుతుందని సోనాలి నాగ్ 2007లో చూపారు. తెలుగులో ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్ర శాఖకు చెందిన దుగ్గిరాల వసంతగారు పిల్లల పఠనంలో ధ్వని గ్రహణాన్ని గురించి 2004లో వ్యాసం ప్రకటించారు. ఈ బాటలో నడిచిన తెలుగు, సంస్కృత శాఖల వారు బహు కొద్దిమంది.

మన లిపి స్వభావాన్ని ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం. 'మూర్తి' అనే పదంలో గుడి రేఫ మీద ఉంటుంది. తకారం ఒత్తుగా కింద ఉంటుంది. ఉచ్చారణలో ఇకారం తకారం తరువాత వస్తుంది. అంటే కంటికి కనిపించే క్రమం వేరు, నాలుక పలికే క్రమం వేరు. పాత ముద్రణలలోని వలపలగిలక మరొక విధమైన వ్యత్యయం. అక్కడ ముందు పలుకవలసిన రేఫ తరువాత కనిపిస్తుంది. గుణింతాలు, ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు కలిస్తే పిల్లవాడు గుర్తించవలసిన రూపాలు వందల సంఖ్యకు చేరుతాయి. సంధి వల్ల, ప్రత్యయాల వల్ల మాట దీర్ఘమవుతుంది. ఈ చిక్కులలో ఏది పిల్లవానిని ఆపుతున్నది, ఏ వయస్సులో ఆపుతున్నది అన్నది ప్రయోగంతో తేల్చవలసిన విషయం. కాని ప్రయోగానికి పద పట్టిక తయారు చేయాలంటే తత్సమమేదో, తద్భవమేదో, దేశ్యమేదో, సంధి ఎక్కడ జరిగిందో తెలిసినవాడు కావాలి. ఆ విద్య మన విద్యార్థికి కరతలామలకం.

మన పూర్వులు పఠనాన్ని శాస్త్ర విషయంగా భావించలేదనటం కూడా సరికాదు. పాణినీయ శిక్ష ఉత్తమ పాఠకుని గుణాలను, అధమ పాఠకుని దోషాలను ఆరేసి చొప్పున పేర్కొన్నది. అక్షర స్పష్టత, పదవిభాగం గుణాలలో చేరాయి. తొందరపడి చదవటం, అర్థం తెలియక చదవటం దోషాలలో చేరాయి. వ్రాతప్రతిని చూచి చదివేవానిని సైతం అధముల పంక్తిలో కూర్చుండబెట్టటం మౌఖిక సంప్రదాయ దృష్టిని తెలుపుతుంది. అర్థమెరుగక వేదాన్ని వల్లించేవాడు బరువు మోసే స్తంభం వంటివాడన్న భావం యాస్కుని నిరుక్తంలో ఉన్నది. ఇవి ఆధునిక ప్రయోగ ఫలితాలకు సమానాలని వాదించటం నా ఉద్దేశ్యం కాదు. అటువంటి వాదం మన శాస్త్రాలకు గౌరవం తేదు. అక్షరాన్ని స్పష్టంగా పలకటం ఒకటి, అర్థాన్ని గ్రహించటం మరొకటి అన్న వివేకం వారికున్నదని మాత్రమే చెప్పదలచాను. ఆ వివేకం నేటి పాఠశాలకు ఎంత అవసరమో క్షేత్రానికి వెళ్ళినప్పుడు తెలుస్తుంది.

అటువంటి క్షేత్రం హైదరాబాదు నగరానికి పడమట, బీజాపూరు రహదారి మీద ఉన్నది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల పరిసరాలలోని మొయినాబాదు, దానిని దాటిన తరువాత వచ్చే చేవెళ్ళ రంగారెడ్డి జిల్లాలోని మండల కేంద్రాలు. కూరగాయలు, పూలు పండించే పల్లెలు, ఇంజనీరింగు కళాశాలలు, నగరవాసుల తోట ఇళ్ళు ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. ఇంట తెలంగాణపు తెలుగు మాట్లాడే పిల్లలు, దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్లలు ఉన్నారు. వికారాబాదు, పరిగి వైపు పోయినకొలది తండాలలో లంబాడీ మాట్లాడే పిల్లలు కనిపిస్తారు. కనుక వాచకంలోని తెలుగు కొందరికి మాతృభాషకు మరో రూపం, కొందరికి అక్షరాలా ద్వితీయ భాష. దానికి తోడు హిందీ, ఇంగ్లీషు.

ఈ పిల్లలు ఎదుర్కొనే లిపులను పోల్చి చూడండి. తెలుగులో గుణింతపు గుర్తులు హల్లు చుట్టూ చేరుతాయి. దేవనాగరిలో హ్రస్వ ఇకారపు గుర్తు హల్లుకు ముందే నిలుస్తుంది. రోమను లిపిలో అక్షరాలు వరుసగా ఉంటాయి గాని ఒక్కొక్క అక్షరానికి పలు ధ్వనులు. ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగుతుంది, హ్రస్వాచ్చులు సాధారణంగా వ్రాయబడవు. ఒకే బాలుడు వీటిలో మూడింటిని పదేళ్ళ లోపల నేర్వవలసి వస్తున్నది. ఒక భాషలో అలవడిన పఠన సామర్థ్యం మరొక భాషకు తోడ్పడుతుందని 1979లో జిమ్ కమిన్స్ ప్రతిపాదించాడు. ఇంత భిన్నమైన లిపుల నడుమ ఏది తోడ్పడుతుంది, ఏది అడ్డుపడుతుంది అన్నది ఇటువంటి ప్రాంతంలోనే పరీక్షించదగిన ప్రశ్న.

మరొక విషయం. వాచకంలో 'వచ్చాడు' అని ఉంటే ఈ ప్రాంతపు పిల్లవాడు 'ఒచ్చిండు' అని చదవటం సహజం. ఉపాధ్యాయుడు దానిని తప్పుగా లెక్కిస్తాడు. వాస్తవానికి ఆ పిల్లవాడు అక్షరాలను చూచి, అర్థాన్ని గ్రహించి, తన నుడిలో పలికాడు. పక్కవాడు 'వచ్చాడు' అని స్పష్టంగా పలికి, వచ్చినది ఎవరో చెప్పలేకపోవచ్చు. మన పరీక్ష రెండవవానిని మెచ్చుకుంటుంది, మొదటివానిని దండిస్తుంది. శిక్షాకారుడు దోషంగా చెప్పిన అర్థజ్ఞాన రాహిత్యం ఇక్కడ గుణంగా చెల్లుబాటవుతున్నది. ఈ రెండు విధాల పఠనాన్ని వేరు చేసి చూపగల పరీక్షను నిర్మించటానికి మాండలిక జ్ఞానం కావాలి. 1962 నుండి వెలువడిన మాండలిక వృత్తి పదకోశాల సంప్రదాయం మనకున్నది. దానికి వారసులమైన మనమే ఈ పనికి అర్హులం.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 విద్యా సంవత్సరం నుండి ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టబడింది. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు అచ్చయ్యాయి. దీని మంచిచెడ్డల మీద ఆవేశంతో కూడిన వాదాలు ఎన్నో వచ్చాయి. పిల్లవాని దృష్టి ముందు ఏ పుట మీద నిలుస్తున్నది? తెలుగు పుట అర్థానికి ఆధారమవుతున్నదా, లేక ఇంగ్లీషు పుటను తప్పించుకునే దారి అవుతున్నదా? తెలుగు వాక్యం అతనికి ఇంగ్లీషు వాక్యమంత కఠినంగానే ఉన్నదా? తల్లిదండ్రులు ఇంగ్లీషును కోరుతున్నప్పుడు తెలుగు పఠన పరిశోధన ఎందుకని అడిగేవారికి ఇదే సమాధానం. ఇంగ్లీషు చదువు ఫలించాలన్నా పిల్లవాని ఇంటి భాష, తొలి లిపి అతనికి ఏ మేరకు తోడ్పడుతున్నవో తెలియాలి.

ఈ పని జరగకపోతే నష్టపోయేది ఎవరు? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను గుర్తించింది. 2015లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం భారతీయ భాషలలో పఠన వైకల్యాన్ని గుర్తించే పరీక్షలను విడుదల చేసినప్పుడు హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషలకు చోటు దక్కింది. ఆ మొదటి విడతలో తెలుగు లేదు. సరియైన తెలుగు పరీక్ష లేనిచోట వైకల్యం ఉన్న పిల్లవానికి మందబుద్ధి అన్న పేరు వస్తుంది. తెలుగు ఇంకా రాని లంబాడీ బాలికకు లేని వైకల్యం అంటగట్టబడుతుంది. ఈ రెండు అన్యాయాలూ పండితుని ఉదాసీనత నుండి కొంత బలం పొందుతున్నాయి.

ఇక పరిశోధకుల జీవిక మాట. 'పఠన మనశ్శాస్త్ర ఆచార్యుడు' అన్న పేరుతో మన కళాశాలలలో ఉద్యోగం లేదు. యువకులను ఈ విషయంలో భ్రమపెట్టరాదు. పిల్లలకు వైకల్య నిర్ధారణ చేసే వృత్తికి భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ కావాలి, అది మన పట్టాతో లభించదు. అయినా మార్గాలున్నాయి. పాఠ్యపుస్తక రచన, పరీక్షా నిర్మాణం, ఉపాధ్యాయ శిక్షణ, వయోజన విద్య, తెలుగును ద్వితీయ భాషగా బోధించే కార్యక్రమాలు ఈ జ్ఞానాన్ని కోరుతున్నాయి. 2018 నాటి తెలంగాణ చట్టం పాఠశాలలన్నింటిలో తెలుగు బోధనను తప్పనిసరి చేసిన తరువాత, ఇంట తెలుగు లేని పిల్లలకు తెలుగు నేర్పే పద్ధతులు ప్రత్యక్ష అవసరమయ్యాయి. హైదరాబాదులోనే ఉస్మానియా భాషాశాస్త్ర శాఖ, 1958లో ఆరంభమై 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని అనువర్తిత భాషాశాస్త్ర, సంజ్ఞాన శాస్త్ర కేంద్రాలు ఉన్నాయి. చేవెళ్ళ పల్లెలకూ ఈ సంస్థలకూ నడుమ ఒక పూట ప్రయాణం మించి లేదు. లేనిది సంకల్పం.

ఒకప్పుడు ఎం.ఫిల్. స్థాయిలో మన విద్యార్థి కొత్త పద్ధతిని రుచి చూచే అవకాశముండేది. 2022 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం నిబంధనలు ఆ పట్టాను తొలగించాయి. అవే నిబంధనలు ఇతర శాఖల నుండి, ఇతర సంస్థల నుండి సహ పర్యవేక్షకుని నియమించుకోవటానికి అవకాశమిచ్చాయి. కనుక మూడు సూచనలు చేస్తున్నాను. మొదటిది, స్నాతకోత్తర స్థాయిలో పఠన మనశ్శాస్త్రం, ద్వితీయ భాషాభ్యసనం ఒక ఐచ్ఛిక పత్రంగా ఉండాలి. అందులో శిక్షా గ్రంథాలతో పాటు ప్రయోగ పద్ధతి, ప్రాథమిక గణాంకశాస్త్రం బోధించాలి. రెండవది, తెలుగు పరిశోధకునికి మనశ్శాస్త్ర లేదా భాషాశాస్త్ర శాఖ నుండి సహ పర్యవేక్షకుని కోరే ఆచారం నెలకొనాలి. మూడవది, ప్రతి ప్రాచ్య కళాశాల సమీపంలోని రెండు మూడు ప్రాథమిక పాఠశాలలను క్షేత్రంగా స్వీకరించాలి. దీనికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. జాగ్రత్తగా కూర్చిన పద పట్టిక, ధ్వనిని భద్రపరచే సెల్‌ఫోను, ఓపిక చాలు. తల్లిదండ్రుల అనుమతి పొందటం, పిల్లల పేర్లు గోప్యంగా ఉంచటం, తెలిసిన ఫలితాన్ని ముందుగా ఆ పాఠశాల ఉపాధ్యాయునికే అందజేయటం విధిగా పాటించాలి.

ఇందుకు మన భాషలోనే మహత్తరమైన పూర్వోదాహరణ ఉన్నది. గిడుగు రామమూర్తిగారు సవరల భాష నేర్చి, వారికి వాచకాలు సమకూర్చి, బడులు పెట్టించారు. 1931లో ఆ భాషా వ్యాకరణాన్ని ప్రకటించారు. తెలుగు వచనాన్ని గురించి ఆయన సాగించిన వాదానికి వెనుక బడిపిల్లవాని కష్టాన్ని కళ్ళార చూచిన అనుభవం ఉన్నది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది భాషలలో ఆరంభించిన మాతృభాషాధారిత బహుభాషా విద్యలో లంబాడీ కూడ ఉన్నది. అది ఆయన దారిలో పడిన మరొక అడుగు. ఆయన పండితుడై ఉండి పల్లె బడికి పోయాడు, పల్లె బడికి పోయినందువల్ల పాండిత్యానికి లోటు రాలేదు. చేవెళ్ళ, మొయినాబాదు బడులలో నేడు ఒత్తు దగ్గర ఆగిపోయే పిల్లవాని పక్కన కూర్చుండి, అతడు ఎందుకు ఆగినాడో తెలుసుకోవటం మన శాస్త్రానికి చెందిన పనియే. విజ్ఞులైన సహాధ్యాపకులు రాబోయే పరిశోధకునికి విషయాన్ని నిర్ణయించేటప్పుడు ఈ మాటను ఒకమారు తలచుకొనవలసిందిగా మనవి.