వీపు రుద్దే చెయ్యి

చెన్నై పక్కనున్న ఇరుంగాట్టుకోట్టైలో 1998లో కొరియా కంపెనీ హ్యుందాయ్ కార్ల తయారీ మొదలయ్యాక మన నగరానికి కొరియా తిండి అలవాటైంది. వాళ్ల స్నానమే ఇంకా తెలియదు. ఇక్కణ్ణుంచి సియోల్ వెళ్లే మనవాళ్లకు నా మాట: అక్కడి స్నానశాలకు తప్పక వెళ్లండి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేర్వేరు గదులు, ఒంటిమీద నూలుపోగు ఉండకూడదు, శుభ్రంగా ఒళ్లు కడుక్కున్నాకే వేడినీళ్ల తొట్టిలో దిగాలి. సిగ్గేస్తుంది, నిజమే. కాసేపే. నీళ్లలో నానాక, ‘ఇటలీ తువ్వాలు’ అని వాళ్లు పిలిచే గరుకు గుడ్డ తొడుక్కున్న చెయ్యి వీపు రుద్దుతుంటే మట్టి నులకలు నులకలుగా రాలుతుంది. దీపావళికి తెల్లవారుజామున తలంటి, అమ్మమ్మ సున్నిపిండితో నలిచినప్పుడు రాలిందీ ఇదేగా! చెన్నై ఫ్లాట్లలో ఆ నలుగు షవర్ కింద ఐదు నిమిషాలైపోయింది. నాకది బాధగానే ఉంది. ఈ దీపావళికైనా పిల్లల వీపులు మీ చేత్తో రుద్దండి.